కొండ దిగని ప్రయాణం

ముప్ఫై ఏళ్లు దాటింది. ఒక బరువు మోస్తున్నాను. మోతగాళ్లు కావడి భుజం మార్చుకున్నట్టు ఇటు నుంచి అటు మార్చుకున్నానే తప్ప ఎక్కడా దించలేదు. ఎవరి దగ్గర దించను? పాస్టరుగారికి చెబితే ప్రార్థన చేసి, కాఫీ ఇచ్చి పంపేస్తారు. నాకు అంత సులువుగా తెమలడం ఇష్టం లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో చెప్పను. ఇలా అయితేనే నా నోట మాట వస్తుంది.

అప్పట్లో నేను అరకు లోయలో ఒక మిషను బడికి మేస్టర్ని. మా ఊరు కిందన, విజయనగరం దగ్గర పల్లె. మన్యంలో పితూరీ చల్లారి ఏడాదో రెండేళ్లో అయింది. బడిలో పన్నెండు మంది పిల్లలు, సంత రోజున ముగ్గురు. జీతం తక్కువ, చలి ఎక్కువ. పుష్యమాసంలో గడ్డి తెల్లబడితే నేను రెండు దుప్పట్లలోంచి ఎక్కాలు చెప్పేవాణ్ని.

బడి పక్కనే చిన్న వైద్యశాల. దాన్ని నడిపే ఆవిడని మేం అమ్మగారు అనేవాళ్లం, కొండవాళ్లు దొరసానమ్మ అనేవాళ్లు. నార్వే దేశపు మనిషి. భర్తతో వచ్చారు. దొరగారు మూడో ఏట మన్యపు జ్వరంతో పోయారు. కూతురికి కూడా అదే జ్వరం రెండుసార్లు తగిలేసరికి భయపడి, నాలుగేళ్ల పిల్లని సెలవు మీద నార్వే వెళ్తున్నవాళ్లతో తన చెల్లెలి దగ్గరికి పంపేశారు. తాను మాత్రం ఉండిపోయారు. కాన్పు అడ్డం తిరిగితే ఈ కొండల్లో ఆవిడ తప్ప దిక్కు లేదు మరి.

ఆవిడ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. వంటమనిషి దగ్గర, పురిటికి వచ్చిన ఆడవాళ్ల దగ్గర నేర్చుకున్నది. నేను చదువుకున్నవాణ్నన్న గీరతో "తమరు దయచేయండి" అంటే, ఆవిడ "ఏటి మేస్టారూ, బేగి రండి, గంజి సల్లారిపోతంది" అనేవారు. నీలి కళ్లు, మా విజయనగరం వైపు మాట. కొత్తవాళ్లు నోరెళ్లబెట్టేవాళ్లు.

ఆ పుష్యంలో చెల్లెలి ఉత్తరం వచ్చింది. చెల్లెలి భర్తకి ఒక దీవిలో ఉద్యోగం. గాలీ మంచూ కొలిచి, తీగ లేని తంతి మీద కబురు పంపడం ఆయన పని. ఆ దీవి పేరు నా నోరు తిరగలేదు. అది భూమికి నెత్తి మీద ఉందట. ఎండాకాలం రెండు నెలల పైన పొద్దు గుంకదు, చలికాలం అన్నాళ్లూ పొద్దు పొడవదు. సముద్రమే గడ్డ కడుతుంది. ఏడాదికి ఒక్కసారి, మంచు విడిచాక, పిండీ బొగ్గూ వేసుకుని ఒకే ఒక్క ఓడ వెళ్తుంది. ఉత్తరంలో సంగతి ఇది: పిల్లకి పదేళ్లు వచ్చాయి. మమ్మల్ని అమ్మా నాన్నా అనొచ్చా అని అడుగుతోంది. ఈ వేసవి ఓడలో నువ్వు రా. తీసుకుపో, లేదా ఇక్కడే ఉండిపో. రాకపోతే దత్తత కాగితాలు అదే ఓడలో తిరుగు పంపిస్తాం.

ఆవిడ ఆ ఉత్తరం నాకు చదివి తెలుగులో చెప్పి, "ఎల్తాను మేస్టారూ, లెక్క కట్టండి" అన్నారు.

అలా మొదలైంది. బడి వదిలాక రోజూ వైద్యశాల వరండాలో కూర్చునేవాళ్లం. రైళ్ల వేళల పుస్తకం ఒకటి, ఓడల కంపెనీ పంపిన కాగితాలు, బడిలోంచి నేను తెచ్చిన భూగోళపటం. కొండ దిగడానికి రెండు రోజులు, డోలీలో. విజయనగరంలో రైలు. మద్రాసు. కొలంబో. అక్కడ ఓడ, అందులో అన్నిటికంటే చవక మంచం. మూడు వారాలకు ఇటలీ రేవు. మళ్లీ రైళ్లు. నార్వే ఒడ్డు వెంట పైకి వెళ్లే స్టీమరు. చివరి రేవులో దీవి ఓడ కోసం ఎదురుచూపు. మొత్తం ఏడు వారాలు. విజయనగరం దాటి ఎరగని నేను సముద్రాలు దాటించేశాను. పటం మీద వేలు పెట్టి పైకి పైకి పోతుంటే వేలు పటం అంచు దాటి బల్ల మీదికి వచ్చింది. ఆ పటంలో ఆ దీవి లేనే లేదు.

నాలుగేళ్లు జీతంలోంచి మిగిల్చిన డబ్బు ఆవిడది. మిషను సగం ఓడ ఛార్జీ ఇస్తానంది. ఎక్కడ చాలుతుంది, ఎక్కడ చాలదు అని రోజూ కొట్టివేతలు. నేను చలికి కంబళ్లు నాలుగు అని రాశాను. ఆవిడ పడీ పడీ నవ్వారు. "ఆ సలికి కంబళ్లేటి చేత్తాయి మేస్టారూ? అక్కడ నీటి జంతువుంటాది, దాని తోలు తొడగాల." సరే అని కంబళ్లు కొట్టేసి, ఉసిరికాయ పచ్చడి జాడీ ఒకటి అని రాశాను. ఆ జాడీని ఆవిడ కొట్టేయనివ్వలేదు. కూతురికి రుచి చూపించాలన్నారు.

ఇన్ని దేశాల లెక్కలో నన్ను నమ్మి నాకు వదిలేసింది ఒక్కటే: మొదటి రెండు రోజులు. కిందటి వానలకి కొండ దిగే ఘాటు రోడ్డు తెగిపోయింది, బండి నడవదు. ఆవిడ కాలు ఒకప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. దిగుడు నడవలేరు, గుర్రం ఎక్కలేరు. డోలీ ఒక్కటే దారి. మోతగాళ్లని కుదర్చడం నా పని, కొండల సంగతి నాకు తెలుసు కనక.

ఇప్పుడు నా ఇంటి సంగతి చెప్పాలి. దీన్ని సాకుగా చెబుతున్నాననుకోకండి. అనుకున్నా నేను కాదనలేను.

మా ఇంటావిడకి అప్పుడు అయిదో నెల. అంతకుముందు ముగ్గురు పోయారు. మొదటిది పల్లెలో మంత్రసాని చేతిలో. రెండోది విజయనగరం పట్టణంలో, ఆసుపత్రి మంచం మీదే. మూడోది నెలలు నిండకుండానే. నాలుగోసారి అమ్మగారు మొదటి నెల నుంచీ చూస్తున్నారు. కాన్పు జ్యేష్ఠంలో. ఆవిడ ప్రయాణం చైత్రంలో.

అమ్మగారు మమ్మల్ని గాలికి వదిలేయలేదు. అది కూడా చెప్పాలి. పట్టణంలో ఒక లేడీ డాక్టరుకి ఉత్తరం రాసి మంచం కుదిర్చారు. "మీ ఆడమనిసిని నాతోపాటు రెండో డోలీలో దింపెయ్యండి, నేనే దగ్గరుండి అప్పజెప్పి పోతాను" అన్నారు. మా ఇంటావిడ ఒప్పుకుంది. నేను తల ఊపాను. తల ఊపిన మనిషికి లోపల ఆ పాత ఆసుపత్రి మంచమే కనిపిస్తోంది. గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టినదాని బరువు గుర్తొస్తోంది. నాకు అమ్మగారి చెయ్యే కావాలి. ఇంకెవరి చెయ్యీ వద్దు.

ఉండిపొమ్మని అడగొచ్చు కదా? అడిగితే ఉండేవారేమో. అదే భయం. ఉంటే ఆవిడ తెలిసి ఉన్నట్టు, నేను తెలిసి ఆపినట్టు. ఆ రుణం మోయడానికి నాకు ధైర్యం లేదు. అడగకుండా ఆగిపోవాలి ఆవిడ. నా చెయ్యి కనపడకూడదు.

డుంబ్రిగుడ సంతలో బుద్రు కనిపించాడు. మాకు మోతగాళ్లని పంపే ఊరికి పెద్ద అతను. నలభై ఏళ్లుండవు. పదేళ్లుగా మిషను మోత అంతా వాళ్ల ఊరిదే. వాళ్ల ఊరి ఉప్పూ గుడ్డా అందులోంచే. మాటల్లో అతనే చెప్పాడు, ఇటుకల పండగ పూజారి కుదిర్చేశాడని. చైత్ర పున్నానికి ముందు మంగళవారం మొదలు, పన్నెండు రోజులు.

మీకు తెలియకపోతే చెబుతాను. చైత్రంలో కొండ ఊళ్లలో ఆ పండగ వచ్చిందంటే మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకి పోవాలి. పోకుండా ఇంటి దగ్గర కనిపించిన మగవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. ఆడవాళ్లు దారులకి అడ్డంగా వెదుళ్లు పట్టుకుని పాటలు పాడి, వచ్చేపోయేవాళ్ల దగ్గర కానీయో అర్ధణాయో వసూలు చేస్తారు. ఆ పన్నెండు రోజులు కలెక్టరు వచ్చినా డోలీ లేవదు. తారీకు ఏ పంచాంగంలోనూ ఉండదు, పూజారి చెప్పినప్పుడే. కింది నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తప్పులో కాలేస్తారు. నేను తప్పులో కాలేసినట్టు నటించాను.

అప్పటికి ప్రయాణపు రోజు ఇంకా ఖాయం కాలేదు. అమ్మగారు ఒక వారం ముందే దిగిపోయి మద్రాసులో ఆగుదామంటున్నారు. అలా అయితే పండగ కంటే ముందే దిగిపోతారు. నేను లెక్కల కాగితం తీసి, "మద్రాసులో వారం రోజుల బసా తిండీ దండగ అమ్మగారూ, అది మిగిలితే ఆ చివరి రేవులో పనికొస్తుంది" అన్నాను. లెక్క నిజమే. ఒక్క అంకె కూడా తప్పు కాదు. పండగ మొదలైన మూడో రోజు, గురువారం, బయల్దేరేటట్టు రాశాను. ఓడకి రెండు రోజుల వ్యవధి మాత్రం మిగిలింది.

ఆవిడ కొండల్లో ఏళ్లుగా ఉన్న మనిషి. అడగనే అడిగారు. "ఆ వారంలో కొండోళ్ల పండగలేటైనా ఉన్నాయా మేస్టారూ?"

"లేవమ్మగారూ. అది ఆ తరవాతే," అన్నాను.

చేతిలో కలం ఆగలేదు. ఆ తేలికతనం గుర్తొస్తే ఇప్పటికీ నాకు నామీద అసహ్యం వేస్తుంది.

గురువారం పొద్దున్న పెట్టెలు వరండాలో పెట్టుకుని కూర్చున్నాం. పచ్చడి జాడీకి గుడ్డ వాసెన నేనే కట్టాను. రెండు డోలీలు ఖాళీగా ఉన్నాయి. రెండు రోజులుగా కొండ మీద డప్పులు వినిపిస్తున్నాయి, అమ్మగారు ఏదో పెళ్లనుకున్నారు. ఎండ ముదిరాక కబురు పంపితే బుద్రు వచ్చాడు, భుజాన విల్లు, వేటకి పోతూ పోతూ. అమ్మగారు లేచి నిలబడ్డారు.

"ఏటిది బుద్రూ? మోతగాళ్లేరీ?"

"ఇటుకల పండగ కదా దొరసానమ్మా. ఎవుడొస్తాడు? మేస్టరు బాబుకి సంతలోనే సెప్పినాను."

ఆవిడ నావైపు తిరిగారు.

"నాకు చెప్పలేదు," అన్నాను.

బుద్రు నన్ను చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యంగా చూశాడు. తరవాత నా వెనక చూశాడు. గుమ్మంలో మా ఇంటావిడ ఏడో నెల కడుపుతో, ప్రయాణానికి తయారై నిలబడి ఉంది. అతను ఆమె కడుపు వైపు చూసి తల దించుకున్నాడు.

"సెప్పనేదేమో దొరసానమ్మా. మరిసిపోయినాను. నాదే తప్పు."

అంతే. విల్లు సర్దుకుని వెళ్లిపోయాడు. అతనికి ఏం అర్థమైందో నాకు తెలుసు. నేను ఆ క్షణంలో నోరు తెరవొచ్చు. ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంది, ఏదో ఒకటి చేయొచ్చు. తెరిచాను కూడా. "నేను శృంగవరపుకోటకి పోయి కింది మోతగాళ్లని తెస్తాను" అన్నాను. వెళ్లాను. ఒక రోజు దారిని రెండు రోజులు నడిచాను. కింది వాళ్లు జ్వరానికి భయపడి పైకి రామంటే గట్టిగా బతిమాలలేదు. ఆరో రోజున నలుగురిని వెంటబెట్టుకుని వచ్చేసరికి, అమ్మగారు పెట్టెలు విప్పేసి, వైద్యశాలలో ఎవరి పుండుకో కట్టు కడుతున్నారు. ఓడ కాగితం మేజా మీద ఉంది. ఆ ఛార్జీ తిరిగి రాలేదు. తరవాతి ఓడలో చవక మంచం దొరికేసరికి నెల పైన, దాంట్లో వెళ్లినా దీవి ఓడ దాటిపోతుంది.

"మీరేటి చేస్తారు మేస్టారూ, మీరు తిరగాల్సిందంతా తిరిగినారు. కాళ్లు కడుక్కుని అన్నం తినండి," అన్నారు.

తిన్నాను.

జ్యేష్ఠంలో మా ఇంటావిడకి నొప్పులొచ్చాయి. రెండు పగళ్లు, నడుమ రాత్రి. బిడ్డ ఎదురుకాళ్లు. అమ్మగారు ఆ వంకర కాలితోనే మంచం పక్క నిలబడి, రెండో రోజు మధ్యాహ్నం బిడ్డని తీసి, కాసేపు ఏడవకపోతే వీపు నిమిరి, నోట్లో ఊది ఏడిపించారు. ఆడపిల్ల. బయటికొచ్చి నా చేతిలో పెట్టి, "గుంట మొండిది మేస్టారూ, బతుకుద్ది" అన్నారు. అప్పుడు ఆవిడ మొహం చూడలేక పిల్లనే చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి.

పట్టణంలో అయితే చనిపోయేదా? ఏమో. అక్కడ లేడీ డాక్టరు ఉంది, కత్తులున్నాయి, మందులున్నాయి. బతికి ఉండొచ్చు, ఇంకా తేలిగ్గానే బతికి ఉండొచ్చు. నేను కూతుర్ని కాపాడుకున్నానా, ఊరికే ఒక తల్లి దారి మూసేశానా అన్నది నాకు ఎప్పటికీ తెలియదు. చాలా ఏళ్లు నాకు నేను వేరే కథ చెప్పుకున్నాను. ఆవిడ వెళ్లిపోతే కొండల్లో ఎంతమంది తల్లులు పోయేవాళ్లో, నేను మన్యానికే మేలు చేశానని. ఆ తల్లులెవరూ నన్ను అడగలేదు. ఆ గురువారం నా మనసులో వాళ్లు లేరు.

కార్తీకంలో దీవి నుంచి ఉత్తరం వచ్చింది, తిరుగు ఓడలో వేసింది. ఈసారి పిల్లే రాసింది. అమ్మగారు మా ఇంట్లో, మా పిల్లకి నలుగు పెడుతూ, మధ్యలో చేతులు తుడుచుకుని చదివి చెప్పారు. ఓడ వచ్చిన రోజు పిల్ల రేవులోనే నిలబడిందట. పిండి దించారు, బొగ్గు దించారు, ఒక మేకని కూడా దించారు. ఓడ సరంగు 'ఇంకెవరూ లేరు' అన్నాడట. అమ్మగారు పంపిన తంతి కబురు ముందే అందింది. కానీ వచ్చే ఏడాది వస్తానన్న మాట తను అంతకుముందు కూడా విన్నానని రాసింది. కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. ఇప్పుడు పిన్నినే అమ్మ అంటున్నాను, మీరు శ్రమ పడి రానక్కరలేదు అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేసింది. పరాయివాళ్లకి రాసినట్టు.

"కోపం గుంటకి. పోద్దిలే," అన్నారు అమ్మగారు. మళ్లీ నలుగు పెట్టడం మొదలుపెట్టారు. మా పిల్ల ఆవిడ వేలు పట్టుకుని వదల్లేదు. నేను లేచి పెరట్లోకి పోయి కట్టెలు కొట్టాను. పొయ్యికి సరిపడా కట్టెలు ఇంట్లో ఉన్నాయి.

కోపం పోలేదు. మళ్లీ డబ్బు కూడేసరికి పిల్లకి పదిహేనేళ్లు. వద్దని రాసింది. ఆ తరవాత అమ్మగారిని దక్షిణాన వేరే మిషనుకి మార్చారు. అక్కడే పోయారు, అక్కడే సమాధి. కూతురు వచ్చిందో లేదో నేను వాకబు చేయలేదు. రాలేదని వినాల్సి వస్తుందని.

బుద్రు ఊరి నుంచి మిషను మోత తీసేసి వేరే ఊరికి ఇచ్చారు, మాట మీద నిలబడే మనుషులు కారని. ఆ ఉత్తరం ఇంగ్లీషులో రాసింది నేనే. చక్కటి దస్తూరి. బుద్రు ఆ తరవాత కూడా సంతలో కనిపిస్తే "బాగున్నావా బాబూ, గుంట బాగున్నాదా" అని అడిగేవాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగేవాడు. అతనూ పోయాడు. అతని కొడుకులు టీ తోటల పనికి అస్సాం పోయారని విన్నాను.

ఇన్నాళ్లూ ఇది ఇంట్లో ఎలా దాగిందా అని మీకు అనుమానం రావచ్చు. దాగడానికి మా ఇంటావిడే సాయం చేసింది, తెలియక. ఏటా పిల్ల పుట్టినరోజున మోకాళ్లూని ప్రార్థన చేస్తుంది. "ఆ పండగ అడ్డేసి అమ్మగార్ని మాకోసం ఆపినావు తండ్రీ" అంటుంది. పక్కన నేను ఆమెన్ అంటాను. ముప్ఫై సార్లకు పైగా అన్నాను. నా పనిని దేవుడి నెత్తిన పెట్టి ఆమెన్ అన్నాను.

ఈ ఏడు అనలేకపోయాను. ఆమె కళ్లు తెరిచి చూసింది. నేను చెప్పేశాను. సంతలో మాట, లెక్కల కాగితం, కోటకి రెండు రోజుల నడక, అన్నీ, ఇప్పుడు మీకు చెప్పిన వరసలోనే. దేవుడు కాదు, నేను, అని.

ఆమె మోకాళ్ల మీంచి లేవడానికి చెయ్యిస్తే పట్టుకోలేదు. గోడ పట్టుకుని తనే లేచింది. వంటింట్లోకి పోయి చాలాసేపటికి వచ్చింది.

"నన్నొక్క మాట అడిగుంటే ఏటయ్యేది? ఎల్లండమ్మగారూ, మీ గుంట దగ్గరికి ఎల్లండి, అనేదాన్ని కదా," అంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆ రోజు వరండాలో భయపడినవాణ్ని నేనొక్కణ్నే. ఇన్నేళ్లూ ఆమె కోసం చేశానని లోపల ఏ మూలో దాచుకున్న సాకు కూడా పోయింది.

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పిల్లకి మాత్రం చెప్పొద్దంది. నాకు అన్నం పెడుతుంది, మందు గుర్తు చేస్తుంది, ముఖం చూసి మాట్లాడదు. క్షమించిందా అంటే లేదు. అడగను కూడా. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి, సిగ్గుగానే ఉంది: ఆమెకి చెప్పేసిన రోజు, చాలా ఏళ్ల తరవాత, మధ్యాహ్నం పూట నిద్ర పట్టింది నాకు. లేచేసరికి వంటింట్లో ఆమె ఒక్కతే ఏడుస్తోంది. నేను లోపలికి వెళ్లలేదు. ఆ ఏడుపు తట్టుకుని, వింటూనే కూర్చున్నాను.